పెట్టెకో పండు

"ఈ పండు మగ్గిందో కుళ్ళిందో మీకెలా తెలుస్తుంది?"

బేకరీ తండ్రి చేతిలోంచి కొడుకు చేతికి వచ్చిన వారంలోనే చిన్న ఓనరు అరటి పిన్నిని ఈ ప్రశ్న అడిగాడు. ఎకసెక్కం కాదు. వ్యాపారం ఎలా నడపాలో కాలేజీలో చదువుకుని వచ్చినవాడు. ప్రతి పనికీ ఒక పద్ధతి రాసి గోడకి అంటించాలని అతని తాపత్రయం. పిన్ని నల్లబడ్డ పండు తొక్క ఒలుస్తూ, తల కూడా ఎత్తకుండా, "ముక్కుతో" అంది. అతను నోటుపుస్తకంలో 'అనుభవం' అని రాసుకుని వెళ్ళిపోయాడు.

అనుభవానికి ఉన్న గౌరవం ముక్కుకి లేదు. అనుభవం ఏళ్ళతోపాటు పెరుగుతుందని, దాన్ని ఎవరూ లాక్కోలేరని మనకో నమ్మకం. పిన్ని దగ్గర ఉన్నది మాత్రం ముక్కే. పద్దెనిమిదేళ్ళు ఆ ముక్కు మీదే బేకరీ బతికింది, ఆమే బతికింది.

ఆ బేకరీకి అరటిపండు కేకే ప్రాణం. ముందు గదిలో అద్దాల బీరువా నిండా రంగురంగుల క్రీము కేకులు ఉండేవి గాని, అవి చూసి ఆనందించడానికి. జనం కొనుక్కుపోయేది ఇటుక ఆకారంలో, పైన పగుళ్ళు పట్టి, ముదురు గోధుమరంగులో ఉండే అరటిపండు కేకు. దాని రుచి గురించి రకరకాల కథలు. పెద్ద ఓనరు భార్య రాసిపెట్టిన రహస్యమేదో ఉందని కొందరు, పిన్ని చేతిలో మహత్యం ఉందని కొందరు. చేతిలో మహత్యాలేవీ ఉండవు. పిన్ని చెయ్యి అందరి చెయ్యిలాంటిదే; పైగా తొక్కల జిగురుకి బొటనవేళ్ళు నల్లబడి, ఎంత తోమినా మురికిగా కనిపించేవి. రుచంతా పండులోనే ఉండేది. ఆ పండును ఏ రోజు వాడాలో తెలియడమే విద్య.

తినే పండు వేరు, వంటకి పనికొచ్చే పండు వేరు. బండి మీద పసుపుపచ్చగా నవనవలాడే పండును మెదిపి పిండిలో కలిపితే కేకు గడ్డి నమిలినట్టు ఉంటుంది. చక్కెర ఎంత పోసినా తెలిసేది చక్కెర రుచే. తొక్క మీద మచ్చలు పడి, ఆ మచ్చలన్నీ కలిసిపోయి, తొక్క కాగితంలా పల్చబడి, కొనేవాళ్ళు మొహం తిప్పుకునే వేళకి పండు పొయ్యికి సిద్ధమవుతుంది. అప్పుడు దాని దగ్గర తేనె వాసన వస్తుంది. ఆ స్థితిలో అది ఒక రోజు ఉంటుంది, ఎండలు ముదిరితే ఒక పూట. ఆ తర్వాత లోపల పులియడం మొదలవుతుంది. కంటికి రెండూ నలుపే, వేలికి రెండూ మెత్తనే. నాలుకకి పులుపు తగిలే సరికి పండు చెయ్యి దాటిపోయి ఉంటుంది. అది దారి తప్పడం మొదలుపెట్టేటప్పుడు పట్టుకోగలిగేది ముక్కు ఒక్కటే. అలా తప్పిన పండ్లు నాలుగు కలిస్తే చాలు, గంపెడు గుజ్జు చెడుతుంది.

రోజూ మధ్యాహ్నం పిన్ని మార్కెట్టుకి వెళ్ళేది. అమ్ముడుపోక నల్లబడ్డ పండ్లన్నిటినీ పళ్ళాయన ఆమె కోసం పక్కన పెట్టి ఉంచేవాడు.

"మీరొచ్చారంటే నా సరుక్కి చావు కబురు వచ్చినట్టే పిన్నీ."

"చావేంటి బాబూ, పెళ్ళి చెయ్యడానికి తీసుకెళ్తున్నా."

"తొక్క ఒలిచి, మెదిపి, పొయ్యిలో పెట్టడం పెళ్ళా?"

"నీకయిందిగా. నువ్వే చెప్పు."

తెచ్చిన పండ్లను బేకరీ వెనక రేకుల గదిలో అట్టపెట్టెల్లో సర్దేది. ఒక్కో పెట్టె మూత తీసి, ముఖం వంచి, పిలిస్తే పలికినంత తేలిగ్గా తీర్పు చెప్పేది: ఇది పొద్దునే వాడాలి, ఇది ఇంకో రోజు ఆగాలి, ఇది పారెయ్యాలి. తెల్లవారుజామున వచ్చి, 'పొద్దునే' అనుకున్న పెట్టెలు ఒలిచి, రోకలితో మెదిపి, చక్కెర కలిపి, బకెట్టుకి మూత పెట్టేది. అక్కడితో ఆమె పని అయిపోయేది. బకెట్టు ఎత్తి పిండిలో పోసేది పొయ్యి మాస్టారు. పదకొండేళ్ళుగా ఆమెతో పనిచేస్తున్న అతను ఆ బకెట్టులో ఏముందని ఒక్కనాడూ చూడలేదు. "పిన్ని బకెట్టు తనిఖీ చెయ్యడమంటే అమ్మ పాలల్లో నీళ్ళు కలిపిందేమోనని చూడటమే" అనేవాడు. ఇలాంటి మాటలు వినడానికి బాగుంటాయి. పనిచేసే చోట మాత్రం వీటంత ప్రమాదం ఇంకోటి లేదు.

ఒక వానాకాలం వీధి వీధంతా జ్వరంతో మంచం ఎక్కింది. పిన్నికీ వచ్చింది, పది రోజులు. లేచి పనిలోకి వెళ్ళిన మొదటి రోజు పెట్టె మూత తీసి, అలవాటుగా ముఖం వంచింది. ఏమీ లేదు. పండు వాసన లేదు, అట్ట వాసన లేదు, గోడ చెమ్మ వాసనా లేదు. కళ్ళ ముందు ఎనిమిది పెట్టెలున్నాయి. ముక్కు వరకు ఆ గది ఖాళీ. జలుబు ఇంకా వదల్లేదనుకుంది. వారం చూసింది. ఎసెన్సు సీసా మూత తీసి ముక్కుకి ఆనించుకుంది; నీళ్ళ సీసా పట్టుకున్నట్టే ఉంది. "కొందరికి తిరిగి వస్తుంది, కొందరికి రాదు, చూద్దాం" అన్నాడు డాక్టరు. చూడటానికి ఆయనదేం పోయింది.

ఎవరికి చెప్పాలి? చెబితే ఏమవుతుందో లెక్క వేయడానికి పెద్ద చదువు అక్కర్లేదు. కుంటివాణ్ణి పరుగుకి పిలవరు. యాభై రెండేళ్ళ మనిషికి, తొక్క ఒలవడం తప్ప ఇంకే పనీ రాని మనిషికి, వేరే చోట ఎవరూ తలుపు తీసి నిలబడి లేరు. నోరు మూసుకుంది. కంటితో, వేలితో నెట్టుకొచ్చింది. అనుమానం వచ్చిన పెట్టెనల్లా చెత్తలో పోసింది.

"ఏంటి పిన్నీ, చెత్తకుండీకి విందులు చేస్తున్నారు ఈమధ్య?" అన్నాడు మాస్టారు.

"సరుకు బాగా రావట్లేదు."

చిన్న ఓనరు గోడ మీద వృథా సరుకు పట్టికలో గీత పైకి పోతోంది. అతను ఆ పట్టిక ముందు నిలబడి పెన్ను మూతతో పళ్ళు మీటుకుంటున్నాడు.

ఇంట్లో ఉండేది పిన్నీ, ఆమె అత్తా. కుట్టుమిషను దుకాణం మీద రెండు గదులు. లిఫ్టులు బాగుచేసే పని చేసిన మొగుడు నాలుగేళ్ళ కిందట పోయాక ఇద్దరాడవాళ్ళే మిగిలారు. కొడుకు పోయినా అత్తని వదలని కోడలని వీధిలోవాళ్ళు మెచ్చుకునేవారు. మెచ్చుకోవడానికేమీ లేదు. అత్త పెన్షను అద్దెకి సరిపోయేది, కోడలి జీతం మిగతా వాటికి. రెండూ విడివిడిగా దేనికీ చాలవు. ఇరవై ఏడేళ్ళలో ఒకరినొకరు అనుకోవలసిన మాటలన్నీ అనేసుకున్నారు కాబట్టి కొత్తగా మాట్లాడుకోవడానికేమీ ఉండేది కాదు. అత్త లోపలి గదిలో మంచం మీద, పిన్ని వంటింటి గడప మీద కూర్చుని ఎవరి కంచంలో వాళ్ళు తినేవాళ్ళు. ముసలావిడకి ఎనభై ఒకటి. రెండు కళ్ళల్లోనూ పొర. నోరు మాత్రం కొత్త కత్తి.

ఒక సాయంత్రం పిన్ని పొయ్యికి వీపు పెట్టి బట్టలు మడత పెడుతోంది. లోపలి గదిలోంచి కేక వినపడింది.

"ఏమే! పాలు మాడిపోతున్నాయి. ముక్కేమైనా తాకట్టు పెట్టి వచ్చావా?"

పిన్ని తిరిగి చూసింది. గిన్నె అడుగంటి, పొగ పైకప్పుకి తాకుతోంది.

"చూసుకోలేదు."

"పాలు మాడితే చూసుకోవడమేమిటే? నిన్న అన్నం మాడింది. మొన్న మెట్ల మీద కుక్క చేసిన పనిని తొక్కి, ఇల్లంతా తిరిగావు. గుడ్డిదాన్ని నేను, నాకు తెలిసింది. నీకు తెలీలేదు." ఈసారి గొంతు తగ్గింది. "నీకు వాసన రావట్లేదు కదూ?"

పిన్ని మాడిన గిన్నె పట్టుకుని గడపలో నిలబడింది. "ఎవరికీ చెప్పకండి" అంది.

"ఎవరికి చెప్తాను? నా దగ్గరికి ఎవరొస్తారు గనక?"

తర్వాత రెండు రోజులు ఆ మాట ఎవరూ ఎత్తలేదు. మూడో రోజు ముసలావిడే అంది. "పండు తెచ్చి చూపించు. కళ్ళకేం వచ్చినా నా ముక్కుకేం రాలేదు. అయినా పెళ్ళి చూపుల నాడే అన్నాను, ఈ పిల్లకి ముక్కు చిన్నదని. ఎవరు విన్నారు?"

అలా మొదలైంది. సాయంత్రం పని అయ్యాక పిన్ని ప్రతి పెట్టెలోంచీ అన్నిటికంటే నల్లటి పండు ఒకటి తీసి, తొడిమ మీద పెన్నుతో చుక్కలు పెట్టేది. ఒకటో పెట్టెకి ఒక చుక్క, ఎనిమిదో పెట్టెకి ఎనిమిది. వాటిని గుడ్డసంచిలో వేసుకుని ఇంటికి తెచ్చేది. చెత్తలో పోయేవే కాబట్టి ఎవరూ అడిగేవారు కాదు. ముసలావిడ గోడకి ఆనుకుని, కళ్ళు మూసుకుని, ఒక్కో పండును ముక్కు కింద పెట్టుకుని, తొడిమ దగ్గర ఒకసారి, చివర ఒకసారి పీల్చేది.

"ఇది పొద్దునే వాడెయ్. ఇది ఆగాలి. ఇది పారెయ్. ఇదేంటే, దీన్ని ఉల్లిపాయల పక్కన పెట్టాడా ఆ పళ్ళాయన? బుద్ధుందా వాడికి?"

మర్నాడు పిన్ని మార్కెట్టులో, "ఉల్లిపాయల పక్కన పెట్టకు బాబూ" అంది. పళ్ళాయన నోరు తెరిచాడు. "మీ ముక్కుకి దండం పిన్నీ! నిజంగానే పెట్టాను." అది వాసనే తెలియని ముక్కు. దాని పేరు ఆ మార్కెట్టులో అంతకు ముందెన్నడూ లేనంతగా మోగిపోయింది.

వృథా సరుకు గీత కిందికి దిగింది. చిన్న ఓనరు పెన్ను మూతతో పళ్ళు మీటుకోవడం మానేశాడు. కేకు మళ్ళీ కేకులా ఉంది.

ఇంట్లో మార్పు ఇంకొకటి. ఆరు గంటలయ్యేసరికి ముసలావిడ తల దువ్వించుకుని, చీర సర్దుకుని, ఆఫీసులో కూర్చున్నట్టు మంచం మీద కూర్చుని ఉండేది. పిన్ని పది నిమిషాలు ఆలస్యమైతే, "ఎక్కడ తిరిగొస్తున్నావు? పండు ఆగుతుందా నీ కోసం?" అని అరిచేది. తీర్పులయ్యాక పనికొచ్చే పండు ఒకటి ఒలుచుకుని తినేది, అది ఆవిడ జీతం. ఆ తర్వాత కంచాలు రెండూ లోపలి గదిలోకే వచ్చేవి. అలా అని ఇద్దరూ తల్లీకూతుళ్ళైపోయారని ఎవరూ అనుకోవద్దు. తిట్లు తగ్గలేదు. తిట్టుకోవడానికి ఒక గది సరిపోయింది, అంతే. కానీ మొగుడు పోయాక అంతసేపు పిన్నితో ఇంకో మనిషి మాట్లాడటం అదే మొదలు.

ఏడు నెలలు ఇలాగే గడిచాయి. చలికాలం చివర్లో ముసలావిడకి జలుబు చేసింది. నాలుగు రోజులు తుమ్మింది, దగ్గింది; ఆ నాలుగు రోజులూ పిన్ని మళ్ళీ కంటితో, వేలితో నెట్టుకొచ్చింది. ఐదో రోజు, "తగ్గిపోయింది, పండ్లు తే" అంది. పిన్ని తెచ్చింది. తీర్పులు ఎప్పటిలాగే వచ్చాయి. నిజానికి కొంచెం తొందరగానే వచ్చాయి. అలవాటు ముదిరే కొద్దీ పని వేగం పెరుగుతుంది కదా అనుకుంది పిన్ని. అది చలికాలం, పండ్లు మెల్లగా మగ్గుతాయి, ఒక రోజు అటూ ఇటూ అయినా ఓర్చుకుంటాయి. బేకరీలో ఏ తేడా రాలేదు.

అలాంటి సమయంలో బట్టల మిల్లు నుంచి ఆర్డరు వచ్చింది. మిల్లు పెట్టి పాతికేళ్ళయిన సందర్భంగా పనివాళ్ళందరికీ తలా ఒక చిన్న కేకు, మొత్తం రెండు వందల అరవై. చిన్న ఓనరు అందరినీ పిలిచి నిలబెట్టాడు. "మనమంతా ఒక కుటుంబం. ఇది మన కుటుంబానికి పరీక్ష" అన్నాడు. యజమాని నోట కుటుంబం అనే మాట వచ్చిందంటే ఆ రోజు పని రెట్టింపు, జీతం అంతే అని పనివాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మాస్టారు పిన్ని చెవిలో, "నేనైతే పెద్దల్లుణ్ణి, పని చెయ్యను" అన్నాడు. పిన్ని నవ్వాపుకుంది.

ఆర్డరుకి ఎనిమిది పెట్టెలు కావాలి. ముందు రోజు వాతావరణం ఉన్నట్టుండి తిరిగింది. చలి పోయి, గాలి ఆడకుండా ఉక్క పట్టుకుంది. రేకుల గది పొయ్యిలా ఉంది. పిన్ని ఎనిమిది పండ్లు సంచిలో వేసుకుని ఇంటికి వచ్చింది. ముసలావిడ సిద్ధంగా కూర్చుని ఉంది.

"పొద్దునే." మొదటి పండు పక్కన పెట్టింది. "పొద్దునే. ఇదీ పొద్దునే." ఎనిమిదీ అలాగే అయ్యాయి.

పిన్ని ఐదు చుక్కల పండూ, ఆరు చుక్కల పండూ మళ్ళీ చేతిలోకి తీసుకుంది. చివర్లు తడిగా ఉన్నాయి. నొక్కితే సన్నగా నీరు ఊరింది.

"ఈ రెండూ కూడానా అత్తయ్యా? చివర కారుతున్నాయి."

"ముక్కు నీదా, నాదా?"

పిన్ని ఆ రెండు పండ్లనీ మిగతావాటి పక్కన పెట్టింది. ఏడు నెలల్లో ఆ ముక్కు ఒక్కసారి కూడా తప్పలేదు.

మర్నాడు తెల్లవారుజామున ఎనిమిది పెట్టెలూ ఒలిచి, మెదిపి, చక్కెర కలిపి పెద్ద డ్రమ్ములో పోసింది. ఆరు గంటలకి మాస్టారు వచ్చి, పిండి కొలిచి, డ్రమ్ము మూత తీశాడు. వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు.

"పిన్నీ, ఒకసారి ఇలా రండి."

"ఏంటి?"

"వాసన కొంచెం ఘాటుగా లేదూ?"

అప్పుడు ఆమెకి ఒక దారి ఉంది. 'ఏమో, నువ్వు చూడు' అంటే సరిపోయేది. అతని ముక్కు బాగానే పనిచేస్తోంది. అతను చూసేవాడు, డ్రమ్ము పారబోసేవాళ్ళు, ఓనరుతో చీవాట్లు తినేవాళ్ళు, మార్కెట్టు తెరవగానే కొత్త సరుకు తెచ్చేవాళ్ళు. కానీ పద్దెనిమిదేళ్ళలో ఆ బేకరీలో పండు సంగతి ఆమె ఒకరిని అడగలేదు. అడిగితే అందరూ ఆమెనే అడిగారు. ఇవాళ 'ఏమో' అంటే రేపు 'ఎందుకు ఏమో' అని వస్తుంది. ఆమె డ్రమ్ము మీదికి వంగింది. ముఖం దగ్గరగా పెట్టి, వినపడేలా గాలి పీల్చింది. ఏమీ లేదు.

"బాగా మగ్గిన పండు అలాగే ఉంటుంది. ఉక్క కదా. నువ్వు పిండి కలుపు."

"మీరంటే సరే" అని మాస్టారు డ్రమ్ము ఎత్తాడు. ఎసెన్సు కాస్త ఎక్కువ పోశాడు.

కేకులు బాగా పొంగాయి. పులిసిన గుజ్జు పొంగక ఏమవుతుంది? రంగు చక్కగా వచ్చింది. చల్లారీ చల్లారకముందే రెండు వందల అరవై అట్టడబ్బాల్లోకి సర్ది, దారాలు కట్టారు. చిన్న ఓనరు వాటిని ఫోనులో ఫొటోలు తీసుకున్నాడు. నాలుగింటికి బండి వెళ్ళింది. ఐదున్నరకి మిల్లు మేనేజరు ఫోను వచ్చింది. ఓనరు ఫోను చెవికి కొంచెం ఎడంగా పట్టుకున్నాడు కాబట్టి లోపలున్న అందరికీ వినపడింది.

"ఏమయ్యా, కేకుల్లో మందు కలిపారా? మా ఆడవాళ్ళు ఒక్కళ్ళూ ముట్టలేదు. మగవాళ్ళు రెండేసి తిన్నారు. వేదిక మీద మా పెద్దాయన ఒక ముక్క నోట్లో పెట్టుకుని రుమాల్లోకి ఉమ్మాడు. అందరూ చూశారు."

మాస్టారు మిగిలిన ఒక కేకు విరిచి నోట్లో వేసుకున్నాడు. నమలకుండా పిన్ని వైపు చూశాడు. ఆమె కూడా ఒక ముక్క తీసుకుని తింది. నాలుకకి తీపి తెలిసింది, తీపి వెనక చేదులాంటి పులుపు. అంతకంటే ఏమీ తెలియలేదు.

ఓనరు ఇద్దరినీ గదిలోకి పిలిచాడు. గోడ నిండా పట్టికలు.

"పొద్దున డ్రమ్ము ఎవరు చూశారు?"

"నేను చూశాను సార్," అన్నాడు మాస్టారు. ఇద్దరు బడిపిల్లల తండ్రి. కళ్ళు నేల మీద పెట్టుకుని, "ఘాటుగా ఉందని పిన్నిని అడిగాను. బాగుందన్నారు. కావాలంటే అడగండి" అన్నాడు.

ఇది ద్రోహం కాదు. అతను జరిగింది జరిగినట్టు చెప్పాడు.

"నిజమేనా?"

"నిజమే."

"మీకు వాసన తెలీలేదా?"

పిన్ని చేతులు కొంగుకి తుడుచుకుంది. "నాకు వాసన రాదు బాబూ. వానాకాలంలో జ్వరమొచ్చినప్పటి నుంచీ."

మాస్టారు తలెత్తాడు. ఓనరు కుర్చీలో వెనక్కి వాలాడు. "మరి ఇన్నాళ్ళూ పండ్లు ఎవరు చూశారు?"

"మా అత్తగారు. పెట్టెకో పండు ఇంటికి తీసుకెళ్ళి చూపించేదాన్ని."

"అత్తగారా? ఆవిడ వయసెంత?"

"ఎనభై ఒకటి."

ఓనరుకి నవ్వు వచ్చింది. ఆపుకోవడానికి ప్రయత్నించాడు, కుదరలేదు. నవ్వు ఆగాక కోపం వచ్చింది. "అంటే నా బేకరీని మంచం మీది నుంచి ఒక ముసలావిడ నడిపిస్తోందా? నేనిక్కడ పట్టికలు గీసుకుంటున్నానా?" పెన్ను బల్ల మీద పడేశాడు. "ముందే చెప్పి ఉంటే ఏదో ఒక పని చూపించేవాణ్ణి కదా పిన్నీ!"

ఇలాంటప్పుడు అందరూ అనే మాటే ఇది. ముందే చెప్పి ఉంటే ఏ పని చూపించేవాడో అతనికీ తెలీదు, ఆమెకీ తెలీదు. రేపటి నుంచి రానక్కర్లేదని అతను నోటితో అనలేదు. మిల్లు సంగతి తేలేదాకా ఇంట్లో ఉండమన్నాడు. అర్థం ఒకటే. మాస్టారు గుమ్మం దాకా వచ్చి, "పిన్నీ, నాతోనైనా చెప్పకపోయారా?" అన్నాడు. ఆమె చెప్పులు వేసుకుంది.

ఇంటికి వచ్చేసరికి ఏడు దాటింది. ముసలావిడ తల దువ్వుకుని, మంచం మీద నిటారుగా కూర్చుని ఉంది.

"ఇంతసేపా? పండ్లేవి?"

పిన్ని వంటింట్లోకి వెళ్ళింది. సింకు కింద ఫినాయిలు సీసా ఉంది. మూత తీసి, ఆ మూతలో కాస్త ఒంపి, లోపలి గదిలోకి తెచ్చి ముసలావిడ ముక్కు కింద పట్టింది.

"ఇవాళ ఒలిచి తెచ్చాను. చూడండి."

ముసలావిడ కళ్ళు మూసుకుంది. నిదానంగా, పెద్దరికంగా, ఒకసారి పీల్చింది. ఇంకోసారి పీల్చింది.

"బాగా మగ్గింది. పొద్దునే వాడెయ్."

పిన్ని మూత కిందికి దించింది. కింది నుంచి గదిలోకి కుట్టుమిషను చప్పుడు వస్తోంది. ముసలావిడ ఏదో తేడా పసిగట్టి చెయ్యి చాచింది. వేళ్ళకి మూత తగిలింది, తడి తగిలింది. ఆ వేళ్ళను ముక్కు దగ్గరికి తీసుకెళ్ళింది. తర్వాత నాలుక కొసకి తాకించుకుని, మొహం చిట్లించింది.

"ఎన్నాళ్ళయింది?" అంది పిన్ని.

ముసలావిడ వేళ్ళను దుప్పటికి తుడుచుకుంది. "జలుబప్పటి నుంచి. పది రోజులు. వస్తుందిలే అనుకున్నాను."

"చెప్పొచ్చుగా! నోరుంది కదా మీకు! ఒళ్ళంతా నోరే కదా! ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"నువ్వు చెప్పావా మీ వాళ్ళకి?"

పిన్ని మూత పట్టుకుని వెనక్కి తిరిగింది.

"చెబితే నువ్వు పండ్లు తేవు," అంది ముసలావిడ, గోడ వైపు తిరిగి. "మళ్ళీ ఆ గడప మీద కూర్చుని తింటావు."

ఈ మాటకి కరిగిపోయి కోడలు అత్త పక్కన కూర్చుందని రాస్తే బాగుంటుంది. అలా జరగలేదు. ఆ పూట పిన్ని తన కంచం తీసుకుని గడప మీదే కూర్చుంది. ముసలావిడ కంచం మంచం పక్కన స్టూలు మీద పెట్టింది, నీళ్ళు పెట్టింది. పది రోజులుగా ముసలావిడ చేసింది మోసం. ఏడు నెలలుగా తను చేసింది కూడా మోసమే. రెండోది మొదటిదాన్ని మాఫీ చెయ్యదు. ఇద్దరు వాసన రాని మనుషులు రెండు గదుల్లో కూర్చుని తిన్నారు. అన్నం అడుగంటిందో లేదో ఇద్దరికీ తెలీదు.

మిల్లువాళ్ళు డబ్బు ఇవ్వలేదు, ఇంకెప్పుడూ ఆర్డరు ఇవ్వలేదు. బేకరీలో ఇప్పుడు అరటిపండు కేకు పసుపు పండ్లతో చేస్తున్నారు. చక్కెర ఎక్కువ వేసి, డబ్బాలోంచి వచ్చే అరటి ఎసెన్సు పోస్తారు. ఏ రోజు చేసినా ఒకేలా ఉంటుంది. ఎలా చెయ్యాలో గోడ మీద రాసి ఉంది. జనం కొంటూనే ఉన్నారు. కొందరు, "ఇదివరకు ఇంకోలా ఉండేది" అంటారు, అని డబ్బులిచ్చి తీసుకెళ్తారు.

పిన్ని ఒక హాస్టల్లో దుప్పట్లు ఉతికే పనికి కుదిరింది. మిగతావాళ్ళు మూతికి గుడ్డ కట్టుకుని ఆ మూటలు విప్పుతారు. ఆమెకి ఆ అవసరం లేదు. అందుకని అన్నిటికంటే పాడు మూటలు ఆమె వైపే తోస్తారు. జీతం బేకరీలో వచ్చిన దాంట్లో సగం కంటే కాస్త ఎక్కువ. ఇంట్లో రెండో గదిని కింది కుట్టుమిషను దుకాణం ఆయన సరుకు పెట్టుకోవడానికి తీసుకున్నాడు. అత్త మంచం వంటింటి పక్కకి వచ్చింది. ఇప్పుడు విడిగా కూర్చుని తినడానికి చోటు లేదు.

ముసలావిడ ముక్కు నెల తిరక్కుండా బాగుపడింది. పొద్దస్తమానం చెబుతూనే ఉంటుంది. మురుగు పొంగిందని, పక్కింట్లో ఎవరో సిగరెట్టు కాలుస్తున్నారని, పిన్ని బట్టల్లోంచి ఇంకొకళ్ళ ఒంటి వాసన వస్తోందని. పిన్ని ఊ కొట్టదు. వీధిలో పళ్ళబండి వెళ్తుంటే ముసలావిడ ఒక్క క్షణం ఆగి, గాలి పీల్చి, "ఆగాలి" అంటుంది, ఎవరూ అడగకుండానే.

మాస్టారు ఒకసారి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, చిన్న ఓనరుతో బాకీ సంగతి మాట్లాడానని, ఆయన కాదనలేదని, మిల్లు లెక్క తేలాక చూద్దామన్నాడని చెప్పి వెళ్ళాడు. పిన్ని ఆ నెలలో బేకరీలో పనిచేసింది పంతొమ్మిది రోజులు. ఆ పంతొమ్మిది రోజుల జీతం ఇప్పటికీ ఆమెకి రావలసి ఉంది.